నలభై రెండు ఇళ్ళ బంగారం

అమ్మవారి బంగారు కళ్ళను స్కూటర్ డిక్కీలో పెట్టుకొని యూనివర్సిటీకి తీసుకువెళ్ళింది నేనే. ఎవరూ నన్ను పంపలేదు. నేనే అడిగి మరీ తీసుకున్నాను. ఒక మనిషి పేరు మట్టిలో కలవడానికి అది మొదలని అప్పుడు నాకు తెలియదు.

మేము తార్నాకలో ఒక లోపలి వీధిలో ఉంటాం. కడప జిల్లా నుంచి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో నా ఉద్యోగం. మా వీధి మూల మీద చిన్న పోచమ్మ గుడి ఉంది. పొద్దున్నే స్నానం చేసి అమ్మవారికి దండం పెట్టుకున్నాకే నేను ఆఫీసుకు బయలుదేరతాను. అమ్మవారి వెండి కళ్ళు నల్లబడిపోయాయని, ఈసారి బోనాలకు బంగారు కళ్ళు పెట్టాలని గుడి కమిటీ తీర్మానించింది. కమిటీ అధ్యక్షుడు నాగేష్ టెంట్ హౌస్ నడుపుతాడు. గొంతు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే.

"పైసలొద్దు. కొత్తగ కొన్న బంగారం కూడ ఒద్దు" అన్నాడతను. "ఇంట్ల ఆడోళ్ళు ఒంటి మీద వేస్కున్నది రావాలె. గురిగింజంతైనా సరే. ఏ ఇంటిది ఎంతొచ్చినా అన్నీ కలిపి కరగాలె. ఒక్కటి గూడ పక్కకు పెట్టద్దు."

ఆ మాట అందరికీ నచ్చింది. నాకైతే కళ్ళు చెమర్చాయి.

చేసే పని బిక్షపతి చారికి అప్పగించాం. వీధి చివర ఒక షట్టరు గదిలో అతని కొలిమి. జనగామ వైపు మనిషి. మెయిన్ రోడ్డులోని ఒక నగల దుకాణానికి వస్తువులు చేసి ఇచ్చేవాడు. వీధిలో తెగిన గొలుసులు, మర పోయిన ముక్కుపుడకలు అన్నీ అతని దగ్గరికే వెళ్ళేవి. కూలి ఎంత అని అడిగితే, "అమ్మ పనికి కూలేంది సార్" అన్నాడు.

బంగారం తీసుకునే రోజు గుడి అరుగు మీద చాప వేశారు. తక్కెడ దగ్గర నాగేష్, పక్కన మైకు. ఇంకో పక్క చారి. అతని ముందు నల్లటి గీటురాయి, చిన్న ఆసిడ్ సీసా. ఇచ్చిన ప్రతి వస్తువునూ రాయి మీద రుద్దేవాడు. సన్నటి పచ్చని గీత పడేది. దాని మీద ఒక చుక్క ఆసిడ్ పడేది. గీత చెక్కుచెదరకుండా నిలిస్తే బంగారం మంచిది. నురగ పొంగి గీత మాసిపోతే అందులో రాగి ఎక్కువ. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నదే. ఆ రోజు మాకు కనిపించింది చారి వంచిన తల మాత్రమే. అతను ప్రతిసారీ గుడ్డతో రాయి తుడిచి "మంచిదే" అనేవాడు. నాగేష్ తూచి మైకులో పేరు చదివేవాడు. ఏది వచ్చినా తీసుకోవాలని ముందే అనుకున్నప్పుడు ఈ గీయడం ఎందుకని ఎవరూ అడగలేదు.

లాలాగూడ నుంచి వచ్చి గుడి ముందు పూలమ్మే లచ్చమ్మ తన ముక్కుపుడక ఇచ్చింది. ఆమె భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. నేను మా అమ్మ గాజు ఇచ్చాను. అమ్మ పోయి ఐదేళ్ళు. ఆమె చేతి గాజుల జతలో ఒకటి ఉంచుకొని రెండోది ఇచ్చాను. "శ్రీనివాసులు సార్, వాళ్ళ అమ్మగారి గాజు, పదకొండు గ్రాములు!" అని మైకులో వినగానే అందరూ చప్పట్లు కొట్టారు. మొత్తం మీద నా పేరే పైన.

నలభై రెండు ఇళ్ళ నుంచి అరవై రెండు గ్రాములు వచ్చింది. నెల తిరక్కుండా చారి కళ్ళు చేసి తెచ్చాడు. తూస్తే అరవై ఒకటి. ఒక గ్రాము తరుగు మామూలేనన్నారు. కళ్ళు ఎంత బాగున్నాయంటే, చారి ఎర్రగుడ్డ విప్పగానే లచ్చమ్మ చెంపలేసుకుంది.

అప్పుడు నేను నోరు తెరిచాను. "మా యూనివర్సిటీ ల్యాబులో బంగారం చూసే మిషనుంది. మనకు తెలిసినవాళ్ళే. స్వచ్ఛత ఎంతో కాగితం మీద రాయించుకొని వస్తాను. గుళ్ళో ఫ్రేము కట్టి పెడదాం."

నాగేష్ చారి వంక చూశాడు. చారి ఒక్క క్షణం నా వంక చూసి, "మీ ఇష్టం సార్" అన్నాడు.

*

ల్యాబులో రత్నాకర్ అనే టెక్నికల్ అసిస్టెంట్ ఉంటాడు. అడిక్‌మెట్ కుర్రాడు, సరదా మనిషి. మిషను చిన్న ఫ్రిజ్ అంత ఉంది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాను.

"ఏంది సార్, గుడనుకున్నరా?" అని నవ్వాడు.

"అమ్మవారి కళ్ళు కదా నాయనా."

"ఎక్స్‌రే పోయి తగుల్తది. లోపల ఏ లోహం ఎంతుంటే దాని వెలుగు అంత తిరిగొస్తది. గది సూసి పర్సెంటు చెప్తది. నిమిషం పని." ఒక కన్ను లోపల పెట్టి మూత వేశాడు. తెర మీద అంకెలు కదిలి ఆగాయి. అతని నవ్వు ఆగింది. కన్ను తిప్పి ఇంకోచోట పెట్టాడు. తర్వాత రెండో కన్ను.

"సార్, ఇరవై రెండు క్యారెట్లంటే తొంభై ఒకటి పాయింట్ ఆరు రావాలె. గిది అరవై ఎనిమిది. ఏడ పెట్టినా అంతే. మిగిలింది రాగి, వెండి, కొంచెం జింకు."

"మిషను తప్పు చెప్పదా?"

"మిషను పైపైనే సూస్తది, అది నిజం. గని ఒక మాట. మోసం చేసెటోడైతే పైన మంచి పూత పూస్తడు, మిషనుకు దొరకకుండ. ఇండ్ల గసొంటిది లేదు. అంత ఒక్క తీరుగ కలిసింది. చేసినోడు ఏమొస్తే గది కరగవెట్టినట్టుంది."

ఆ రెండో మాట నేను కమిటీలో చెప్పలేదు. కాగితం మాత్రం నాగేష్ చేతిలో పెట్టాను. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పగలు విన్న మాట సాయంత్రానికే మరిచిపోయేంత వయసేమీ కాదు నాది.

*

ఆ సాయంత్రం గుడి అరుగు మీద కమిటీ కూర్చుంది. వీధి సగం వచ్చింది. చారి కింద నిలబడ్డాడు.

"చారీ, సీదా అడుగుతున్న. ఎంత మిగిలింది?" అన్నాడు నాగేష్.

"ఏం మిగల్లే అన్నా. అందరిదీ కలిపే కరగవెట్టిన. రవ్వంత బయట పెట్టలె."

"మరి కాగితమేంది? మిషనుకు నీ మీద పగనా?"

"కాగితం నిజమే. వచ్చిన బంగారమే గట్లున్నది."

గుంపు గొల్లుమంది. "అంటే మేం కల్తీది ఇచ్చినమా?" అని నలుగురైదుగురు ఆడవాళ్ళు లేచారు.

చారి గొంతు సవరించుకున్నాడు. "శుద్ధి చేస్తే మంచిగయితుండె. గని శుద్ధి చేస్తే తూకం తగ్గుతది. పదిహేను గ్రాములు తగ్గించి తెస్తే గప్పుడు గూడ తిన్నవనే అందురు. ఏదీ పక్కకు పెట్టద్దు, తూకం పోవద్దు అని మీరే చెప్పిండ్రు గద అన్నా."

అందులో అబద్ధమేముందని నాకు అనిపించింది. కానీ అనిపించడం వేరు, లేచి చెప్పడం వేరు.

"గీసి సూసినవ్ గద, ఎవలది కల్తీదో చెప్పు మరి" అన్నాడు నాగేష్. ఎవరో వెనక నుంచి, "పూలమ్మే లచ్చమ్మది అయ్యుంటది, ఇత్తడి ముక్కుపుడక" అని నవ్వారు.

లచ్చమ్మ గంప దించి ముందుకు వచ్చింది. "నోరు పడిపోను! నా పెనిమిటి మొదటి జీతంల చేయించిండు గది. ఓ చారీ, అమ్మ మీద ఒట్టేసి చెప్పు, నాది కల్తీదా?"

"కాదు లచ్చమ్మా. నీది మేలిమి" అన్నాడు చారి.

అదే అతని కొంప ముంచింది. "ఆమెది మంచిదని ఎరికైతే, చెడ్డది ఎవలదో గూడ ఎరికే!" అని నాగేష్ తొడ చరిచాడు. "చెప్పు. పేర్లు చెప్పు."

చారి అందరినీ ఒకసారి చూశాడు. నన్ను కూడా చూశాడు. అందరినీ చూసినట్టే చూశాడు.

"యాదికి లేదు" అన్నాడు.

"దొంగకు యాదికెట్లుంటది!" అని ఎవరో అరిచారు. వారం లోపల కళ్ళు సరిచేసి ఇవ్వకపోతే పోలీసు కేసేనని నాగేష్ తీర్పు చెప్పాడు. నేను తల వంచుకొని ఇంటికి వచ్చాను. కల్తీది ఎవరిదై ఉంటుందా అని దారంతా ఆలోచించాను. చిన్న చిన్న ఇళ్ళే మనసులోకి వచ్చాయి. అడ్డా కూలీల ఇళ్ళు, అద్దెగదుల వాళ్ళ ఇళ్ళు. పాపం, వాళ్ళకు మాత్రం మంచిది ఎక్కణ్ణుంచి వస్తుందని జాలి కూడా పడ్డాను.

రెండు రోజుల్లో మెయిన్ రోడ్డు దుకాణం వాళ్ళు చారికి పని ఆపేశారు. అమ్మవారి బంగారమే తిన్నవాడికి సరుకు ఎలా ఇస్తామన్నారట. షట్టరు ముందు ఆడవాళ్ళ చెప్పులు కనిపించడం మానేశాయి. చారి మాత్రం లోపల కొలిమి ఊదుతూనే ఉన్నాడు. వారం తిరిగేసరికి కొత్తగా చేసిన కళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. తూస్తే మళ్ళీ అరవై ఒకటి.

ఆ మర్నాడు అతని భార్య సారలమ్మ నల్లా దగ్గర మా ఆవిడకు కనిపించింది. మెడలో పసుపుతాడుకు పసుపుకొమ్ము ఉంది. పుస్తెలు లేవు, గుండ్లు లేవు.

"ఆమె మెడలోది కరిగించినారండీ" అంది మా ఆవిడ వెంకటలక్ష్మి, అన్నం పెడుతూ. "వీధిలో ఏమంటున్నారో తెలుసా? తప్పు చేయనివాడు పెళ్ళాం పుస్తెలు ఎందుకిస్తాడు అంటున్నారు."

నేను కంచంలోనే చెయ్యి కడుక్కున్నాను.

*

కొత్త కళ్ళు మళ్ళీ పరీక్షకు పెట్టాలన్నాడు నాగేష్. ఈసారి నేను బయలుదేరే ముందు బీరువా తీసి మా అమ్మ రెండో గాజు కూడా జేబులో వేసుకున్నాను. అనుమానం ఉండి కాదు. లచ్చమ్మకు దొరికిన ఆ ఒక్క మాట నాకూ కావాలనిపించింది. నాది మేలిమి అని ఎవరైనా చెబితే, మిగతా విషయం గురించి నెమ్మదిగా ఆలోచించుకోవచ్చని.

కళ్ళు తొంభై ఒకటి పాయింట్ ఏడు చూపించాయి. "ఇప్పుడు ఫస్టు క్లాసు" అన్నాడు రత్నాకర్. గాజు ఇచ్చాను. మూత వేశాడు. తెర చూసి మీట మళ్ళీ నొక్కాడు.

"సార్, ఇది ఎవరిది?"

"చెప్పు నాయనా."

"నలభై."

ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద స్కూటర్ ఆపి చాలాసేపు కూర్చున్నాను. పిల్లలు పుస్తకాలు పట్టుకొని నా ముందు నుంచే వెళుతున్నారు. అమ్మ ఆ గాజులు తీయకుండానే అంట్లు తోమింది, ముగ్గులు వేసింది, ఏకాదశులు ఉంది. ఎవరు మోసం చేశారు ఆమెను? ఊళ్ళో చేసిన కంసాలా? లేక అసలు గాజులు ఏ అవసరానికో అమ్మి మా నాన్నే ఇవి తెచ్చి తొడిగాడా? అడగడానికి ఇద్దరూ లేరు. ఒక్కటి మాత్రం నాకు తెలుసు. నలభై రెండు ఇళ్ళలో అన్నిటికంటే ఎక్కువ తూకం నాది, అన్నిటికంటే ఎక్కువ రాగి కూడా బహుశా నాదే. సారలమ్మ మెడలోంచి వచ్చిన దాంట్లో సగానికి దగ్గర నా గాజు లోటు పూడ్చడానికే పోయింది.

అక్కడి నుంచి నేరుగా చారి షట్టరు దగ్గరికి వెళ్ళాను. కొలిమి చల్లారి ఉంది. గాజు, కాగితం అతని ముందు పెట్టాను. అతను కాగితం చూడలేదు.

"గీసినప్పుడే తెల్సింది సార్" అన్నాడు.

"తెలిసి మంచిదే అన్నావా?"

"మైకుల మీ అమ్మ పేరు సదవబోతుండ్రు. మీరు కండ్ల నీళ్ళు పెట్టుకొని నిలబడ్డరు. గప్పుడెట్ల చెప్తరు సార్? మామూలుగైతే మేం ఇంటికి పోయి, ఆడామెను పక్కకు పిలిచి మెల్లగ చెప్తం. నలుగుట్ల చెప్పం. మా నాయిన నేర్పింది గదే."

"మీటింగులో అయినా చెప్పొచ్చు కదప్పా. నీ నెత్తి మీదికి వచ్చినప్పుడైనా."

"మీదొక్కటేనా? పదిహేను, పదహారు ఇండ్లది గట్లనే ఉండె. ఒక పేరు చెప్తే అన్నీ చెప్పాలె. అత్త కల్తీది పెట్టిందని ఒకింట్ల, మొగడు మార్చిండని ఒకింట్ల. ఎన్ని ఇండ్లల్ల లొల్లయితుండె. ఇప్పుడు నాదొక్కటే పోయింది." గాజును నా వైపు జరిపాడు. "గంత పెద్దమనసేం కాదు సార్. చెప్పినా ఎవ్వలూ నమ్మకపోదురు. గది గూడ ఎరికే."

లోపలి తలుపు దగ్గర సారలమ్మ నిలబడి ఉంది. ఆమె వంక చూడలేకపోయాను.

"నేనేం చేయాలో చెప్పు చారీ. బంగారం ఇస్తాను. ఎంతైనా..."

"బంగారం అమ్మకిచ్చినం. మల్ల దాని మాటొద్దు" అన్నాడు. "నన్ను దొంగ అన్నది గుడి కాడ. గాడనే ఒక్కసారి చెప్పుండ్రి, నేను కాదని. చాలు."

చెబుతానని మాట ఇచ్చాను.

ఇంట్లో వెంకటలక్ష్మికి చెప్పాను. "అత్తమ్మ పేరు మైకులో తీస్తారా?" అంది. "ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళు ఈ వీధిలో ఇరవై మంది ఉన్నారు. చెప్పండి. చెప్పొద్దని నేను అనను. కానీ నన్ను అక్కడికి రమ్మనొద్దండీ."

*

బోనాల ఆదివారం పొద్దున కొత్త కళ్ళు అమ్మవారికి పెట్టారు. డప్పులు మోగాయి. ఆడవాళ్ళు బోనాలెత్తుకొని వరసలో నిలబడ్డారు. సారలమ్మ కూడా వచ్చింది, నెత్తిన బోనంతో. ఆమెకు ముందు రెండడుగులు, వెనక రెండడుగులు ఖాళీ ఉంది. గేటు పక్కన చారి నిలబడ్డాడు.

దాతల పేర్లు చదవడానికి నాగేష్ మైకు తీసుకున్నాడు. ముందుగా నా పేరు. నేను వెళ్ళి మైకు అడిగాను.

"అమ్మవారి ముందు చెబుతున్నాను" అన్నాను. "బిక్షపతి చారి ఒక్క రవ్వ కూడా తీయలేదు. నేనిచ్చిన మా అమ్మ గాజే కల్తీది. ఇది దాని జత. పరీక్ష చేయించాను, కాగితం ఇదిగో. నా లోటు ఆయన భార్య పుస్తెలతో పూడ్చినాడు. ఆయన దొంగ కాదు. తప్పు నాది."

డప్పులు ఆగాయి. గాజు పైకెత్తి పట్టుకున్న నా చెయ్యి నొప్పి పుట్టింది. ఎవరైనా నన్ను తిడతారని చూశాను. తిడితే బాగుండును.

నాగేష్ నా చేతిలోంచి మెల్లగా మైకు తీసుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు.

"సూసిండ్రా? పెద్దమనిషంటే గిట్లుండాలె! ఒక పేదోని కుటుంబం బదనాం కావద్దని, కన్నతల్లి పేరును గూడ నింద కింద పెట్టిండు మన సారు!"

చప్పట్లు మొదలయ్యాయి. "కాదు, నాగేష్, నేను నిజమే..." అంటున్నాను. మైకు నా దగ్గర లేదు.

"కాగితం చూడండయ్యా!" అని అరిచాను.

ముందు వరసలో ఉన్నాయన కాగితం తీసుకొని చూశాడు, తల పంకించాడు. "ఇది ఇంట్ల ఉన్న గాజు కాగితం గద సార్. ఇచ్చింది గిట్లనే ఉండెనని ఎవరు చెప్పాలె? అది ఎప్పుడో కరిగిపాయె."

"గదే అంటున్న!" అంది ఒకావిడ, చెంగుతో కళ్ళొత్తుకుంటూ. "మంచి గాజు అమ్మకిచ్చి, కల్తీది ఇంట్ల ఉంచుకున్నడు. ఎంత భక్తి!"

కరిగినదాన్ని ఏ మిషను ముందు పెట్టినా అది ఎవరి చేతి గాజో చెప్పదు. నాగేష్ ఒక శాలువా తెప్పించి నా భుజాల మీద కప్పాడు. జనం తోసుకుంటూ దగ్గరికి వచ్చారు. వాళ్ళ మధ్య నుంచి గేటు వైపు చూశాను. సారలమ్మ బోనం సమర్పించి బయటికి వస్తోంది. పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు దగ్గరికి లాక్కున్నారు. మెడలో గొలుసులున్న వాళ్ళు గొలుసుల మీద చేతులు వేసుకున్నారు.

నేను తోసుకుంటూ చారి దగ్గరికి వెళ్ళాను. "మళ్ళీ చెబుతాను చారీ. ఇంటింటికీ పోయి చెబుతాను."

చారి నా భుజం మీది శాలువా చూశాడు. కోపం లేదు అతని ముఖంలో.

"ఇగ చాలు సార్" అన్నాడు. "ఎన్నిసార్లు చెప్తే అన్నిసార్లు మీరే పెద్దోళ్ళయితరు."

భార్య చేతిలోని ఖాళీ బోనం కుండ అందుకొని వీధి చివరి షట్టరు వైపు నడిచాడు. ఆమె వెనకే వెళ్ళింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఇంతలో ఎవరో నా పాదాలు ముట్టుకున్నారు. చూస్తే లచ్చమ్మ. నా కంటే పాతికేళ్ళు పెద్దది.

"మంచి తల్లికి పుట్టినవ్ బిడ్డా" అంది.

"వద్దమ్మా, లే" అని వెనక్కి జరిగాను. ఆమె వదల్లేదు.